పాఠకుల ప్రశ్నలు: చెరువు అంచున తిరిగే రెండు ఉల్లంకులను పోల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఏటా కార్తీకం వచ్చేసరికి మా చెరువు నీటి అంచునా, కట్ట కింది వరిమళ్లలోనూ గోరువంక కంటే కాస్త చిన్నవిగా, గోధుమరంగు వీపుతో, తెల్లటి కడుపుతో ఉండే పక్షులు వెనుకభాగం ఆడిస్తూ తిరుగుతాయి. పక్షుల పుస్తకంలో వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్ అని రెండు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి గాని, నా కంటికి రెండూ ఒకటిగానే తోస్తున్నాయి. పిల్లలకు తప్పు చెప్పకూడదన్న ఆరాటంతో రెండు ఛాయాచిత్రాలు పంపుతున్నాను. ఒకటి వరిమడిలో తీసింది, రెండవది తూము కింద ఊటకాలువలో తీసింది. వీటిలో ఏది ఏదో, తేడా పట్టుకోవడానికి నమ్మదగిన ఒక్క గుర్తు ఏదో చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయురాలు, బుక్కరాయసముద్రం

సమాధానం: మీ ఛాయాచిత్రాలలో ఉన్నవి రెండు వేర్వేరు జాతులే. వరిమడిలో నిలబడినది వుడ్ శాండ్‌పైపర్, ఊటకాలువలో ఉన్నది గ్రీన్ శాండ్‌పైపర్. ఈ మాట చెప్పడానికి నాకు ఆధారమైనది రంగు కాదు, కంటి మీది తెల్ల గీత. వరిమడి పక్షికి ఆ గీత ముక్కు మొదట్లో బయలుదేరి, కన్ను దాటి, తల వెనుకదాకా సాగింది. ఊటకాలువ పక్షికి అదే గీత కన్ను దగ్గరికి వచ్చి ఆగిపోయింది, దాని బదులు కంటి చుట్టూ సన్నని తెల్లని వలయం ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. పక్షి నిలబడి ఉన్నప్పుడు ఈ రెంటినీ విడదీయడానికి ఇంతకంటే గట్టి గుర్తు లేదు.

తెలుగులో ఈ కోవకు చెందిన నీటి అంచు పక్షులను ఉల్లంకులని పిలుస్తారు. అయితే ఆ పేరు ఇన్ని జాతులను కలిపి చెప్పే పేరే తప్ప వాటిలో ఒకదానిని మరొకదాని నుంచి వేరు చేసే పేరు కాదు కనుక, ఈ జవాబులో ఇంగ్లీషు పేర్లనే వాడుతున్నాను. ఆ పేర్లు కూడా మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తాయి. గ్రీన్ శాండ్‌పైపర్ ఆకుపచ్చగా ఉండదు. దాని వీపు ముదురు గోధుమరంగులో ఉండి, మంచి వెలుతురులో ఆలివ్ కాయ రంగు ఛాయ చూపుతుంది, కాళ్లు బూడిద కలిసిన పచ్చరంగులో ఉంటాయి. పేరులోని పచ్చదనమంతా అంతే. వుడ్ అన్న పేరు కూడా మన చెరువు దగ్గర దానిని చూసి పెట్టినది కాదు. ఉత్తరాన అడవుల మధ్య ఉండే చిత్తడి నేలల్లో అది పిల్లలను పెంచుతుంది కాబట్టి ఆ పేరు దానికి అక్కడ అతుకుతుంది.

రంగును నమ్మవద్దని ఎందుకంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. వుడ్ శాండ్‌పైపర్ వీపు మీద తెల్లని, లేత పసుపు ఛాయ గల చుక్కలు దట్టంగా, నువ్వులు చల్లినట్టుగా ఉంటాయని, గ్రీన్ శాండ్‌పైపర్ వీపు మీద చుక్కలు చాలా సన్నగా, దగ్గరికి వెళితేగాని కనబడనంతగా ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. అది నిజమే. కానీ ఆ చుక్కలు ఈకల అంచుల్లో ఉంటాయి, ఈక పాతబడి అరిగేకొద్దీ ముందుగా అరిగిపోయేవి ఆ అంచులే. గూడు పెట్టి, పిల్లలను పెంచి, వేల కిలోమీటర్లు ఎగిరి ఆగస్టులో మన దగ్గరికి చేరిన ముసలి ఈకల వుడ్ శాండ్‌పైపర్ వీపు దాదాపు చుక్కలు లేని గోధుమరంగులో కనిపించవచ్చు. అదే ఏడాది పుట్టిన పిల్ల పక్షి మాత్రం కొత్త ఈకలతో, వెచ్చని గోధుమరంగు మీద నిండు చుక్కలతో వస్తుంది. కాబట్టి ఒకే మడిలో పక్కపక్కన మేస్తున్న రెండు వుడ్ శాండ్‌పైపర్లు కూడా రెండు జాతులేమో అనిపించేంత వేరుగా ఉండే అవకాశం ఉంది. దీనికి తోడు మన సీమ ఎండ ఒకటి. పది గంటలు దాటాక నీటి మీది తళతళలో, ఎదురు వెలుతురులో ఏ ఉల్లంకి అయినా నల్లగానే కనిపిస్తుంది. నేను మొదటి రెండేళ్లు నల్లగా కనిపించిన ప్రతి పక్షినీ గ్రీన్ అని రాసుకున్నాను. తర్వాత ఆ రాతల్లో సగం కొట్టివేయవలసి వచ్చింది.

నిలబడిన పక్షిలో కనుబొమ గీత తరువాత చూడవలసినది రొమ్ము. గ్రీన్ శాండ్‌పైపర్ రొమ్ము మీది ముదురు చారలు ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి తెల్లని కడుపు మొదలవుతుంది. వుడ్ శాండ్‌పైపర్ రొమ్ము మీది చారలు లేతగా ఉండి, కడుపు తెలుపులోకి మెల్లగా కలిసిపోతాయి. ఆ తరువాత శరీరపు పొందిక చూడండి. వుడ్ శాండ్‌పైపర్ సన్నని పక్షి. మెడ కాస్త నిడుపు, కాళ్లు పొడుగు, వాటి రంగు పసుపు వైపు మొగ్గుతుంది. నీటిలో నిలబడినప్పుడు తేలికగా, నిటారుగా ఉన్నట్టుంటుంది. గ్రీన్ శాండ్‌పైపర్ బరువైన మొండెం గల పక్షి, కాళ్లు పొట్టిగా తోచి, నేలకు దగ్గరగా వంగి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కొలతల్లో చూస్తే వుడ్ సుమారు 19 నుంచి 21 సెంటీమీటర్లు, గ్రీన్ సుమారు 21 నుంచి 24 సెంటీమీటర్లు. ఒంటరిగా ఉన్న పక్షిని చూసి ఈ రెండు మూడు సెంటీమీటర్ల తేడాను ఎవరూ పట్టుకోలేరు. కాళ్ల రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం, మడిలో తిరిగే పక్షి కాళ్లకు బురద అంటుకొని ఉంటుంది కదా.

ఇక మీరు అడిగిన ఒక్క గుర్తు. పక్షి లేచేదాకా ఆగగలిగితే, అది రెక్కల అడుగుభాగం. గ్రీన్ శాండ్‌పైపర్ రెక్కల అడుగు దాదాపు నలుపు. వుడ్ శాండ్‌పైపర్ రెక్కల అడుగు లేత బూడిదరంగు. ఈ గుర్తు వయసుతో మారదు, రుతువుతో మారదు, ఈక అరుగుదలతోనూ మారదు, కనుక నా లెక్కలో మిగతా గుర్తులన్నింటికంటే ఇదే ముందు నిలబడుతుంది. లేచిన క్షణంలో గ్రీన్ శాండ్‌పైపర్ మొత్తం నల్లని పక్షిలా, తోక మొదట్లో మాత్రం తెల్లని రుమాలు చుట్టినట్టుగా మెరుస్తుంది. ఆ తెలుపు వుడ్ శాండ్‌పైపర్‌కు కూడా ఉంది గాని, వీపు లేత గోధుమ కావడం వలన ఆ మెరుపు అంత ఎత్తి చూపినట్టు ఉండదు. తోక మీది పట్టీలను చూడగలిగితే, గ్రీన్‌కు కొస వైపు మూడు నాలుగు లావు నల్ల పట్టీలు, వుడ్‌కు సన్నని పట్టీలు అనేకం. వుడ్ శాండ్‌పైపర్ ఎగిరేటప్పుడు దాని పాదాలు తోక కొసను దాటి వెనక్కి పొడుచుకొని కనిపిస్తాయి, గ్రీన్ పాదాలు తోక దాటడం అంతగా తెలియదు. రెండింటికీ రెక్కల మీద తెల్ల చార లేదు.

ఈ చివరి మాట ఎందుకు చెప్పానంటే, మీ చెరువు దగ్గర మూడవ పక్షి ఒకటి ఉంటుంది, దానిని ఈ రెంటితో కలపకూడదు. అది కామన్ శాండ్‌పైపర్. దానికి రెక్క పొడవునా తెల్ల చార ఉంటుంది, తోక మొదట్లో తెలుపు ఉండదు. రొమ్ముకూ మడిచిన రెక్కకూ మధ్య కడుపు తెలుపు మేకు దిగినట్టుగా పైకి చొచ్చుకొని వస్తుంది. నీటికి ఆనుతూ, రెక్కలను బిగబట్టి వణికించినట్టుగా ఎగురుతుంది. కట్ట రాళ్ల మీద క్షణం తీరిక లేకుండా తోక ఊపేది చాలావరకు ఇదే. మీ పిల్లలకు ముందుగా దీనిని నేర్పితే మిగిలిన రెంటి పని సగం తేలికవుతుంది.

కంటితో పాటు చెవిని కూడా నమ్మవచ్చు, నిజానికి పాత పక్షి పరిశీలకులలో చాలామంది చెవినే ముందు నమ్ముతారు. గ్రీన్ శాండ్‌పైపర్ లేచేటప్పుడు ‘ట్లూయీ... వీట్ వీట్’ అని సన్నని ఈల లాంటి, మోగే గొంతుతో అరుస్తుంది. వుడ్ శాండ్‌పైపర్ ‘చిఫ్ ఇఫ్ ఇఫ్’ అని పొడిగా, తొందరగా, ఒకే స్థాయిలో పలుకుతుంది. లేచిన తరువాతి నడవడి కూడా వేరు. గ్రీన్ భయపడితే వంకర్లు తిరుగుతూ నిట్టనిలువుగా ఎత్తుకు పోయి, తరచుగా ఆ చోటు వదిలి దూరంగా వెళ్లిపోతుంది. వుడ్ కూడా అరుస్తూ లేస్తుంది గాని, దాని తోటివి మేస్తున్న మడి వైపు తిరిగి వచ్చి వాలడం కద్దు.

మీ రెండు ఛాయాచిత్రాలు తీసిన చోట్లు కూడా దాదాపు జవాబు చెప్పేస్తున్నాయి. వుడ్ శాండ్‌పైపర్ విశాలమైన పలుచని నీటిని కోరుతుంది. చెరువు వెనక్కి తగ్గగా మిగిలిన బురద మేట, నాట్లకు దమ్ము చేసిన మడి, గడ్డి మునిగిన పల్లం దానికి ఇష్టం. అలాంటి చోట నాలుగైదు నుంచి కొన్ని పదుల దాకా చెల్లాచెదురుగా కలిసి మేస్తాయి. గ్రీన్ శాండ్‌పైపర్ ఒంటరి పక్షి. దానికి చెరువంత నీరు అక్కరలేదు. మరవ కింద నిలిచిన మడుగు, వంకలో చెక్ డ్యామ్ వెనుక మిగిలిన నీళ్లు, గట్ల మధ్య కనబడకుండా పారే ఊటకాలువ, చివరకు బోరు దగ్గర పశువులు తాగే గుంట చుట్టూ ఏర్పడిన రొచ్చు కూడా దానికి చాలు. కర్నూలు ఎగువన సుంకేసుల ఆనకట్ట దిగువన, తుంగభద్ర రాళ్ల మధ్య చిక్కుకున్న మంచమంత మడుగులో ఒక్క గ్రీన్ శాండ్‌పైపర్ ఉదయమంతా మేయడం నేను చూశాను. అక్కడికి పిలుపు దూరంలో, ఇసుక మేట అంచున, ఎనిమిది వుడ్ శాండ్‌పైపర్లు ఉన్నాయి. అవి ఆ మడుగు జోలికి రాలేదు, ఇది ఆ మేట మీదికి పోలేదు. చోటు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదన్నది నిజం, రెండూ ఒకే మడిలో దిగే రోజులు ఉంటాయి. కానీ పిల్లలను తీసుకొని బయలుదేరేటప్పుడు దేనిని ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి చోటు చాలా ఉపయోగపడుతుంది.

ఒక మనవి. రెక్కల అడుగు చూడాలన్న ఆత్రంతో పిల్లలు పక్షులను అదిలించకుండా చూడండి. నీటి పురుగులను, వాటి లార్వాలను, చిన్న నత్తలను, వానపాములను ఏరుకొని ఇవి బతుకుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి బయలుదేరే ముందు ఒంట్లో కొవ్వు నింపుకోవలసి ఉంటుంది, అదిలించిన ప్రతిసారీ ఆ కూడబెట్టినదానిలో కొంత ఖర్చవుతుంది. ఉదయం సూర్యుడిని వీపు వెనుక ఉంచుకొని గట్టున పావుగంట కదలకుండా కూర్చుంటే, ఏ గద్ద నీడకో, కుక్క అలికిడికో అవే లేస్తాయి. పుస్తకం అప్పుడు తెరవవద్దు. కనుబొమ గీత ఎక్కడిదాకా ఉంది, రెక్క అడుగు నలుపా బూడిదా, ఏమని అరిచింది, ఒంటరిదా గుంపుదా అన్న నాలుగు సంగతులు పిల్లలచేత ముందు రాయించి, ఆ తరువాత బొమ్మతో సరిపోల్చమనండి. బొమ్మ ముందు చూస్తే కన్ను దానినే వెతుకుతుంది.

ప్రశ్న: ఈ రెండు పక్షులూ అన్నదమ్ముల వంటివా? అంత దగ్గరి చుట్టాలు కాబట్టే ఇంత పోలికా? మా పోరుమామిళ్ల చెరువు దగ్గర చలికాలమంతా వీటిని చూస్తాను గాని ఒక్క గూడు కూడా ఎన్నడూ చూడలేదు. శాండ్‌పైపర్ చెట్టు మీద గూడు పెడుతుందని ఎవరో చెబితే నమ్మబుద్ధి కాలేదు.
— ఒక రైతు, పోరుమామిళ్ల, కడప జిల్లా

సమాధానం: రెండూ ట్రింగా అనే ఒకే ప్రజాతికి చెందినవి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ రెండింటికీ శాస్త్రీయ నామాలు పెట్టాడు. వుడ్ శాండ్‌పైపర్ ట్రింగా గ్లారియోలా, గ్రీన్ శాండ్‌పైపర్ ట్రింగా ఆక్రోపస్. కాబట్టి చుట్టరికం ఉంది. అయితే చూపులకు ఇంత దగ్గరగా ఉన్నా, ఆ ఇంట్లో ఇవి ఒకదానికొకటి అత్యంత దగ్గరివి కావు. జన్యు పదార్థాన్ని పోల్చి చూసిన అధ్యయనాలలో గ్రీన్ శాండ్‌పైపర్‌కు అందరికంటే దగ్గరి బంధువు ఉత్తర అమెరికాలో ఉండే సాలిటరీ శాండ్‌పైపర్ అని తేలింది. వుడ్ శాండ్‌పైపర్ దగ్గరి బంధువులు రెడ్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్ అనే మరి రెండు. మొదటిది ఎర్రటి కాళ్లది, రెండవది సూది వంటి ముక్కుతో, పొడుగు కాళ్లతో ఉంటుంది. రెండూ చలికాలంలో మన దేశానికి వచ్చేవే. చూడగానే వుడ్‌కు చుట్టమనిపించని రూపాలవి. అంటే పోలిక ఒక దారిన, రక్తసంబంధం ఒక దారిన నడిచాయన్నమాట. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

చెట్టు మీద గూడు సంగతి నిజం, పైగా అది ఈ చుట్టరికానికి సాక్ష్యం చెప్పే నిజం. గ్రీన్ శాండ్‌పైపర్ సొంతంగా గూడు కట్టదు. ఉత్తర ఐరోపా, సైబీరియా అడవుల్లో, తడి నేలల పక్కనున్న చెట్ల మీద, వేరే పక్షులు వదిలేసిన పాత గూళ్లలో గుడ్లు పెడుతుంది. త్రష్ అనే పాటపక్షుల గూళ్లు, అడవి పావురాల గూళ్లు, ఒక్కొక్కసారి ఉడుత గూళ్లు కూడా దానికి పనికివస్తాయి. అమెరికాలోని సాలిటరీ శాండ్‌పైపర్ కూడా సరిగ్గా ఇలాగే చెట్ల మీది పాత గూళ్లను ఆక్రమిస్తుంది. నీటి అంచు పక్షుల్లో అత్యధికం నేల మీద గుడ్లు పెట్టేవే కనుక, ఈ అలవాటు మీకు నమ్మశక్యంగా తోచకపోవడంలో వింత లేదు. వుడ్ శాండ్‌పైపర్ ఎక్కువగా నేల మీదనే, గడ్డి దుబ్బుల మధ్య గుడ్లు పెడుతుంది, అరుదుగా అది కూడా చెట్టు మీది పాత గూటిని వాడుకుంటుంది. రెండూ సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. రెండింటి పిల్లలూ కోడిపిల్లల మాదిరిగా నూగుతో, తెరిచిన కళ్లతో పుట్టి, వెంటనే తమ మేత తామే ఏరుకోగలవు. అలా చెట్టు మీద పొదిగిన గ్రీన్ శాండ్‌పైపర్ పిల్లలు రెక్కలు రాకముందే కొమ్మ మీది నుంచి కిందికి దూకుతాయి. కింద నాచూ మెత్తటి చిత్తడీ ఉంటాయి, పిల్ల బరువు అతి స్వల్పం, కనుక దెబ్బ తగలదు.

ఇదంతా మే నుంచి జులై లోపల, మన చెరువులు అడుగంటి ఉండే కాలంలో, వేల కిలోమీటర్ల ఉత్తరాన జరుగుతుంది. మీకు గూడు కనిపించకపోవడానికి కారణం ఇంతే. 1369 నాటి శిలాశాసనం సాక్షిగా నిలిచిన మీ చెరువు ఈ పక్షులకు చలికాలపు మేత భూమి మాత్రమే. పుట్టిల్లు అక్కడ, బతుకుదెరువు ఇక్కడ.

ప్రశ్న: శాండ్‌పైపర్లు చలికాలపు వలస పక్షులని చదివాను. కాని మా ఊరి పక్కన హంద్రీ ఇసుకలో మిగిలిన చిన్న మడుగు దగ్గర ఆగస్టు మొదటి వారంలోనే ఒక పక్షిని చూశాను. లేచినప్పుడు నల్లగా, తోక మొదట్లో తెల్లగా ఉంది. వలస పోలేక ఉండిపోయిన రోగిష్టి పక్షి కావచ్చునా? కిందటేడు కూడా అక్కడే చూసినట్టు గుర్తు.
— ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

సమాధానం: మీరు చెప్పిన రూపాన్ని బట్టి అది గ్రీన్ శాండ్‌పైపరే, అది ఉండిపోయినది కాదు, అప్పుడే వచ్చినది. మన దేశానికి ముందుగా చేరే వలస పక్షుల్లో ఇది ఒకటి, జులై చివరి నుంచే కనిపించడం మొదలవుతుంది. ఉత్తరాన వేసవి చాలా పొట్టిది. ఆడపక్షి, పిల్లలు ఎదగకముందే వాటిని మగపక్షికి అప్పగించి జూన్‌లోనే దక్షిణానికి బయలుదేరుతుంది. మగపక్షి ఆ తరువాత, ఆ ఏటి పిల్లలు అన్నింటికంటే చివర, పెద్దల తోడు లేకుండానే వస్తాయి. వుడ్ శాండ్‌పైపర్ కూడా ఆగస్టు నుంచి వస్తుంది గాని, దానికి విశాలమైన పలుచని నీరు కావాలి. అది మన సీమలో ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండి, మళ్లలో నీరు నిలిచాక బాగా కనిపిస్తుంది. చిన్న మడుగుతో సరిపెట్టుకోగలిగిన గ్రీన్‌కు ఆ ఎదురుచూపు అక్కరలేదు. అందుకే చెరువులన్నీ నెర్రెలు విచ్చి ఉన్న శ్రావణంలో మీకు అది ఒక్కటే కనిపించింది.

కిందటేడు చూసినది కూడా ఇదే పక్షి కావడానికి వీలుంది. ఇంగ్లండులో గ్రీన్ శాండ్‌పైపర్ల కాళ్లకు ఉంగరాలు తొడిగి గమనించినప్పుడు, అవే పక్షులు ఏటా అవే చిన్న నీటి చోట్లకు తిరిగి రావడం రుజువైంది. ఉంగరం లేని పక్షి విషయంలో ఖాయంగా చెప్పలేము గాని, మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఆ మడుగు దగ్గరికి వారానికి ఒకసారి వెళ్లి, తేదీ, నీటి వైశాల్యం, పక్షి ఉందో లేదో రాయండి. ఇసుక తవ్వకం వల్లనో, చెత్త పోయడం వల్లనో మడుగు కుంచించుకుపోతే అది కూడా రాయండి, ఎందుకంటే చెరువుల్లో ఏటా జనవరిలో జరిగే నీటి పక్షుల లెక్కింపుకు ఇలాంటి మంచమంత నీళ్లు చాలావరకు అందవు. ఏప్రిల్ గడిచాక పక్షి కనిపించడం మానితే ఆ తేదీ కింద గీత గీసి, ఆషాఢం చివర్లో మళ్లీ అదే మడుగు దగ్గరికి వెళ్లి చూడండి.